ఉలి తిన్న భాగం

నెలకొక శనివారం మాకు సెంటరు మీటింగు ఉండేది. నంద్యాల, ఆళ్ళగడ్డ చుట్టుపక్కల బడుల్లో పనిచేసే అయ్యవార్లందరూ ఒక బడిలో చేరేవాళ్ళు. వంతు వచ్చినవాళ్ళు ఆ బడి పిల్లలకే, అంతకుముందు మొహం కూడా చూడని పిల్లలకే, ఒక మాదిరి పాఠం చెప్పాలి. మిగతావాళ్ళు వెనక పిల్లల బెంచీల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని నోటుబుక్కుల్లో రాసుకోవాలి. గంట కొట్టాక పిల్లల్ని పంపేసి విమర్శ మొదలుపెట్టేవాళ్ళు. దానికొక పద్ధతి. ఎవరు లేచినా ముందు ఒక మంచి చెప్పాలి, తర్వాత రెండు తప్పులు చెప్పాలి. పాఠం చెప్పినవాళ్ళు ఎదురు మాట్లాడకూడదు. మంచి ఏదీ దొరక్కపోతే "గొంతు గట్టిగా ఉంది" అనేవాళ్ళు. నాలాంటివాళ్ళకు ఆ మంచి కూడా దొరికేది కాదు. అంతా అయ్యాక ఉప్మా, కాఫీ. ఎక్కువ తిట్లు తిన్నవాళ్ళకు ఉప్మా రెండోసారి వడ్డించడం ఆనవాయితీ.

ఇప్పుడు ఆ మీటింగులు ఎట్లా జరుగుతున్నాయో నాకు తెలియదు. అచ్చు వేసిన కాగితాలు వస్తున్నాయి, సంతకం పెట్టి పంపిస్తున్నాం. ఆ ముడుచుకున్న మోకాళ్ళూ, ఆ ఉప్మా వాసనా, ఒకరి పాఠాన్ని అంతమంది కలిసి చీల్చి చూడటమూ ఎప్పుడైనా గుర్తొస్తే నేను చేస్తున్న పని ఆపి కాసేపు ఊరికే కూర్చుంటాను.

నా వంతు వచ్చింది నలభై నాలుగులో, జనవరి నెలలో. యుద్ధం రోజులు. అప్పటికి నేను ఆళ్ళగడ్డ హయ్యర్ ఎలిమెంటరీ బడిలో చేరి రెండేళ్ళు. ఒకటో తరగతి పిల్లలకు ఇసుకలో అక్షరాలు దిద్దించేదాన్ని. మా లెక్కల అయ్యవారు పట్టాళంలో గుమాస్తాగా చేరిపోవడంతో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల లెక్కలు చెప్పే మనిషి లేకుండా పోయాడు. "ఎవరో ఒకరు దొరికేదాకా నువ్వు చూడమ్మా" అని బడి నడిపే మేనేజరుగారు నాకు అప్పజెప్పారు. నాకు ఇరవై ఒకటి. చదివింది మా ఊరి బడిలో, ఆ తర్వాత కాస్త, ట్రైనింగు లేదు. ఆడపిల్ల పెద్ద తరగతులకు లెక్కలేంటని ఊళ్ళో నవ్వారు. అయిదారు నెలలు గడిచేసరికి నాకు ఆ పని మీద ఎంత ఆశ పుట్టిందంటే, ఎవరైనా ట్రైనింగయిన మగమనిషి బస్సు దిగుతాడేమోనని సాయంత్రాలు భయపడేదాన్ని. కష్టమైన లెక్క ఒకటి ఇచ్చినప్పుడు ముందు ముప్పై బలపాలూ గీరుతుంటాయి. తర్వాత ఒక్కొక్కటే ఆగిపోతాయి. ఆ ఆగిపోయే చప్పుడు కోసం నేను పొద్దున్నే లేచేదాన్ని.

నంద్యాల బడిలో మాదిరి పాఠం చెప్పే వంతు మా బడికి వచ్చిందని తెలిసిన రోజు మేనేజరుగారు నన్ను పిలిచారు.

"డిప్టీ ఇన్స్పెక్టరుగారు వస్తాండారు. ఆయన పుస్తకంలో బాగుందని రాస్తే లెక్కలు నీకే. రాయకపోతే మళ్ళా ఇసుకకాడికి. నన్నేమీ అనుకోవద్దు."

ఏమీ అనుకోలేదు. కాని ఆ మాట లోపల కూర్చుంది.

నాకు లెక్కలు చెప్పుకునే దిక్కు కృష్ణస్వామి అయ్యవారు. అహోబిలం అర్చకుల ఇంటివారు. అంతకుముందు చిన్న బడుల్లో అన్నీ చెప్పినవారు, మా బడిలో తెలుగు చెప్పేవారు గాని వారికి లెక్కలంటే ప్రాణం. బడి గంటకు ముందు అరుగు మీద ఆయన, కింద మెట్టు మీద నేను కూర్చునేవాళ్ళం. ఒక రోజు అడిగాను.

"అయ్యవారూ, భిన్నాన్ని భిన్నంతో భాగించేటప్పుడు రెండోదాన్ని తిరగేసి గుణిస్తాం కదా. ఎందుకు తిరగేస్తాం?"

"ఎందుకేందీ? తిరగేస్తే జవాబు వస్తుంది."

"తిరగేయకపోతే?"

"దెబ్బ వస్తుంది."

ఇద్దరం నవ్వాం. ఆయనే మళ్ళా అన్నారు. "మా అయ్యవారు తిప్పమన్నాడు, తిప్పినా. నలభై ఏండ్లుగా పిల్లోళ్ళతో తిప్పిస్తాండా. ఎందుకని ఒక్కడూ అడగల్యా. నువ్వు అడిగినావు. ఇంక నాకు అన్నం సయించదు పో."

ఆ వారమంతా అదే మాట. చివరికి నా మధ్యాహ్నం జొన్నరొట్టె మూత మీద పెట్టి చూశాను. ముప్పావు రొట్టెను ఎనిమిదో వంతులతో భాగించడమంటే, ముప్పావు రొట్టెలో ఎనిమిదో వంతులు ఎన్ని ఉన్నాయని అడగడమే. ఒక రొట్టెలో ఎనిమిది ఉంటాయి. ముప్పావు రొట్టెలో ఎనిమిదిలో ముప్పావు వంతు, అంటే ఆరు. ఎనిమిదో వంతు తిరగబడి ఎనిమిది అయింది అందుకే. అయ్యవారు దూరం నుంచే వంగి చూసి, "అబ్బ!" అన్నారు. ఆ తర్వాత, "దీన్నే మాదిరి పాఠం చెప్పు. కాని రొట్టెతో చెబితే నంద్యాల పిల్లోళ్ళు లెక్క తినేస్తారు" అన్నారు.

అట్టలు దొరికే కాలం కాదు. కాగితమే కరువు. మట్టితో చేస్తే ఎండి పగిలింది. ఆ ఆదివారం మా నాయన నన్ను చూడటానికి వచ్చాడు. మా నాయన పేరు మత్తయి. కొలిమిగుండ్ల దగ్గర గనుల్లో నాపరాళ్ళు కొట్టే పని. నేను నేల మీద గీసి చెప్పాను. మూరకు తక్కువ వెడల్పుతో గుండ్రటి బండలు నాలుగు. ఒకటి పూర్తిగా ఉండాలి. ఒకటి రెండు ముక్కలు, ఒకటి నాలుగు, ఒకటి ఎనిమిది.

"అన్నీ ఒకే కొలత నాయనా. ఏ బండ ముక్కలు ఆ బండలోనే కోయాలి. సమంగా ఉండాలి."

నాయన మొలతాడు నుంచి ఒక దారం తీసి నేను గీసిన సున్నాను కొలిచి ముడి వేసుకున్నాడు. "ఇంతేనా? ఈ బండల్తో ఊళ్ళు కడ్తాండారు, నాలుగు రొట్టెలు కొట్టలేనా?"

మీటింగుకు ముందురోజు సాయంత్రం బండల బండిలో వచ్చాడు. గోనెసంచిలో జొన్నచొప్ప చుట్టి కట్టిన మూట. విప్పబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"విప్పాకు పాపా. మూడు దినాలు ఇసుక మీద సానబట్టినా. అంచులు కత్తిమాదిరి ఉండాయి. ఊరకే తీసి పెట్టి చేస్తే పెచ్చులు లేచిపోతాయి. ఆడికి పోయి విప్పుదువు."

నేను విప్పలేదు. ఆ తప్పు నాదే.

తెల్లారి బొగ్గు బస్సులో నంద్యాల బయలుదేరాం, నేనూ అయ్యవారూ నాయనా. పెట్రోలు దొరక్క బస్సు వెనక బొగ్గు మంట పెట్టి నడిపేవాళ్ళు. కండక్టరు మూట ఎత్తబోయి వదిలేశాడు.

"ఏందన్నా ఇందులో?"

"రొట్టెలు."

"రొట్టెలా! మణుగు తూగుతాండాయి!"

"మా పాప లెక్కల రొట్టెలప్పా. నీకు అరగవులే, పైన పెట్టు."

వాగు దాటాక ఎత్తు ఎక్కలేక బస్సు ఆగిపోయింది. అందరూ దిగి తోయమన్నారు. అయ్యవారు కూడా పంచె ఎగ్గట్టి తోశారు. రొట్టెలు మాత్రం కూర్చునే వచ్చాయి.

నంద్యాల బడిలో నాకు ఏడో తరగతి ఇచ్చారు. ముప్పై మందికి పైగా పిల్లలు. వెనక పాతికమంది అయ్యవార్లు. పక్కన కుర్చీలో డిప్టీ ఇన్స్పెక్టరుగారు, సన్నగా, తెల్లటి తలపాగాతో. నాయన వరండాలో వాకిలి పక్కన టవలు పరుచుకుని కూర్చున్నాడు. మూట విప్పి బండలు నేల మీద పరిచాను. నల్లగా, నున్నగా, చూడగానే ముట్టుకోవాలనిపించేట్టు ఉన్నాయి. పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టాను.

"ఇది ఏమిటి?"

"రొట్టె!" అని అరిచారు. నాకు ధైర్యం వచ్చింది.

సగాలు, పావులు, ఎనిమిదో వంతులు చూపించాను. మూడు పావులు పక్కపక్కన చేర్చి, ఈ ముప్పావులో ఎనిమిదో వంతులు ఎన్ని పడతాయని అడిగాను. ముందు వరసలో కూర్చున్న చూడామణి అనే పిల్లను పిలిచి పైన పేర్చమన్నాను. ఒకటి, రెండు, మూడు. తరగతి అంతా లెక్కపెడుతోంది. "ఆరు!" అని కేక. నా నోట్సు ప్రకారం తర్వాతి ప్రశ్నకు పోవాలి. ఆ పిల్ల లేవలేదు.

"టీచర్, ఆరు పెట్టినాక కూడా కింద రాయి కనపడ్తాంది."

వంగి చూశాను. నిజమే. పావు బండల అంచు బయటికి గోరంత మందాన వంపుగా మెరుస్తోంది. ఆ పిల్ల దాని మీద వేలితో గీస్తోంది.

"ఆరు, ఇంకా కొంచెం టీచర్."

వెనక బెంచీల మీద పెన్సిళ్ళన్నీ ఒక్కసారిగా కదిలాయి. రాయి కదా, కాస్త అట్లాగే ఉంటుంది, ఆరు అనుకోండి, అంటే సరిపోయేది. ఆ రోజుల్లో పిల్లలు అనుకోమంటే అనుకునేవాళ్ళు. ఇంకా ఇరవై నిమిషాలు ఉంది. సూత్రం బోర్డు మీద రాసి, నాలుగు లెక్కలు చేయించి, పాఠం ముగించవచ్చు. లెక్కలు నా చేతిలో ఉంటాయి. కాని ఆ పిల్ల వేలు ఇంకా రాయి మీదే ఉంది.

"నువ్వు చూసింది నిజమే" అన్నాను. "ఎంత కొంచెమో చూద్దాం."

పూర్తి బండ కింద పెట్టి, దాని మీద సగాలు, వాటి మీద పావులు, వాటి మీద ఎనిమిది ముక్కలూ పేర్పించాను. గుడి మెట్లలాగా ఒకదాని మీద ఒకటి చిన్నదవుతూ పోయాయి. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చూస్తున్నారు.

"ముక్కలు ఎక్కువయ్యే కొద్దీ రొట్టె తగ్గిపోతాంది టీచర్!"

"మరి తగ్గింది ఎక్కడికి పోయింది?"

"దాచిపెట్టుకున్నారు!"

"ఎలుక తినింది!"

నవ్వులు. ఆ నవ్వుల మధ్యలో వాకిట్లోనుంచి మా నాయన గొంతు.

"ఉలి తినింది పిల్లోళ్ళారా! ఎనిమిది చేయమంటే ఎనిమిదే చేసినా. తొమ్మిదోది పొడి."

అందరూ వెనక్కి తిరిగారు. కృష్ణస్వామి అయ్యవారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నాయనకు తాను మాట్లాడిన సంగతి అప్పుడు తెలిసి తల దించుకున్నాడు. నేను చిన్నప్పటి నుంచి ఎవరిముందూ గట్టిగా మాట్లాడి ఎరగను. ఆ రోజు ఇన్స్పెక్టరుగారిని అడగను కూడా అడగకుండా అన్నాను.

"నాయనా, లోపలికి రా. ఎట్లా కొట్టినావో పిల్లలకు చెప్పు."

నాయన చెప్పులు వదిలి లోపలికి వచ్చి ఒక మూల కూర్చున్నాడు. ఉలి ఎట్లా పెట్టేదీ, చీలిక ఎట్లా వచ్చేదీ, ఇసుకా నీళ్ళూ పోసి అంచు ఎట్లా రుద్దేదీ చేతులతో చూపించాడు.

"అంటే కోసినప్పుడల్లా కొంచెం పోతుందా తాతా?" అంది చూడామణి.

"పోతాదమ్మా. ఉలికి కూలి ఇయ్యకుండా ఎట్లా?"

అప్పుడు నేను పిల్లల్ని అడిగాను, ఏమీ తినని ఉలి ఏదైనా ఉందా అని. కత్తి అన్నారు. కత్తి కూడా పొడి రాలుస్తుందన్నాడు నాయన. దారం అన్నారు. బోర్డు మీద సుద్దతో సున్నా గీసి ఎనిమిది భాగాలు చేశాను. సుద్దగీత కూడా లావుగానే ఉంది టీచర్, అది కూడా కొంచెం తినింది, అన్నాడొకడు. ఒకరి తర్వాత ఒకరు చెబుతూనే ఉన్నారు. చూడామణి చాలాసేపు ఆలోచించి, "గీసినట్టు అనుకుంటే చాలు గదా టీచర్. అనుకుంటే పొడి రాలదు" అంది.

"అప్పుడు ముప్పావులో ఎన్ని?"

"ఆరు. సరిగ్గా ఆరు."

గంట కొట్టారు. తిరగేసి గుణించే సూత్రం దగ్గరికి నేను పోనే లేదు.

విమర్శలో మొదట లేచింది జాన్ మాస్టారు. ఆ సెంటరులో అందరికంటే పెద్ద లెక్కల మాస్టారు.

"మంచి: టీచరుగారి మాట నిదానంగా ఉంది. తప్పు ఒకటి: ఉపకరణమే తప్పు. రెండు: చెప్పదలుచుకున్న సూత్రం చెప్పలేదు. బయటి మనిషిని తరగతిలోకి పిలవడం మూడోది. పద్ధతి ప్రకారం రెండే చెప్పాల గాబట్టి అది నేను చెప్పను."

అందరూ నవ్వారు, నేను కూడా. తర్వాత లేచినవాళ్ళు కూడా ఆ రెండే తిప్పి తిప్పి చెప్పారు. నాయన మళ్ళీ వరండాలోకి పోయి కూర్చున్నాడు. కిటికీలోంచి అతని తలపాగా కొస కనిపిస్తోంది. అన్నీ వింటున్నాడు. చివర్లో ఒకాయన, "ఆ రాళ్ళు కొట్టినోనికి కొలత తెలీదు. తెలిసినోని చేత చేయించాల్సింది" అన్నాడు.

తలపాగా కొస కిందికి దిగిపోయింది. నేను లేచాను.

"అయ్యా, కొలత ఇచ్చింది నేను. ఏ బండ ముక్కలు ఆ బండలోనే కోయమన్నది నేను. ఆ మనిషి నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. ముందుగా విప్పి చూసుకోనిది కూడా నేనే."

పాఠం చెప్పినవాళ్ళు మాట్లాడకూడదు. ఇన్స్పెక్టరుగారు మొదటిసారి నోరు విప్పారు.

"ఆరు అని చెప్పి ముందుకు పోయుండవచ్చు కదమ్మా. ఎందుకు పోలేదు?"

"ఆ పాప చూసింది కదండీ" అన్నాను.

ఆయన పుస్తకంలో చాలాసేపు రాశారు. రాసింది చదివి వినిపించారు. ఉద్దేశించిన సూత్రం పిల్లలకు అందలేదు గనక పాఠం నెరవేరలేదు. అది మొదటి వాక్యం. రెండో వాక్యం, ఈ బండలు సెంటరు బీరువాలో ఉంచాలి, ఏ బడి అడిగినా నెలరోజులు ఇవ్వాలి. నాయన ధైర్యం చేసి వాకిట్లో నిలబడ్డాడు.

"దొరా, తీసకపోయి సరిజేసి బిన్నా తెచ్చిస్తా. ఒక్కొక్క ముక్క వేరే బండలో, రవ్వంత పెద్దగా కొడ్తే సరిపోతాది."

"వద్దు. ఇట్లాగే ఉండనీ" అన్నారు ఆయన.

అయ్యవారు లేచిపోయి వడ్డించేవాళ్ళతో ఏమి చెప్పారో, నా విస్తట్లో ఉప్మా మూడుసార్లు పడింది. నాయనకు వరండాలోకి పంపించారు. అతను ఆకు ముందు కూర్చుని చాలాసేపు చెయ్యి పెట్టలేదు.

మేనేజరుగారు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు. సోమవారం నేను ఇసుక దగ్గరికి వచ్చేశాను. లెక్కలు అందాకా అయ్యవారే చూసుకున్నారు, తెలుగుతో పాటు. ఆదివారం నాయన వచ్చి గడపలోనే నిలబడ్డాడు.

"నా రాళ్ళతో నీ కొలువు పోయిందే పాపా."

"కొలువు పోలేదు నాయనా. క్లాసు మారింది, అంతే."

"నాకు చెప్తాండావా?" అన్నాడు. ఆ తర్వాత రెండు నెలలు రాలేదు. మూడో నెలలో నేనే కొలిమిగుండ్లకు పోయాను. గని అంచున కూర్చుని, ఆ ఎనిమిది ముక్కల పొడి ఎంత ఉంటుందో చేటలో పోసి నాకు చూపించాడు. అంతకుముందే కొలిచి పెట్టుకున్నాడట. ఇద్దరం నవ్వుకున్నాం గాని అతని మనసు పూర్తిగా తేలికపడలేదు.

జూన్ నెలలో కొత్త లెక్కల మాస్టారు బస్సు దిగాడు. రంగనాథం గారు, డోన్ మనిషి, ట్రైనింగ్ అయినవాడు. గంజి పెట్టిన పంచె, జేబులో రెండు పెన్నులు. నాకంటే మూడేళ్ళు పెద్ద. మర్యాదగా ఉండేవాడు. ఆయన్ని తిట్టుకుందామన్నా ఒక్క కారణం దొరకలేదు నాకు. భిన్నాల పాఠం వచ్చేసరికి సెంటరు నుంచి బండలు తెప్పించుకున్నాడని విన్నాను. నేను ఆ వైపు పోలేదు.

ఆ పాఠం రోజు మధ్యాహ్నం పిల్లలు 'అ' దిద్దుతుంటే ఆయన నా తరగతి వాకిట్లో వచ్చి నిలబడ్డాడు. చేతికి సుద్ద అంటుకుని ఉంది.

"లూదియమ్మగారూ, మీ నాయన బండలు..."

"ఆరు దాకా వచ్చినారా?"

"ఆరు అయిపోయిందండీ. ఆరు తర్వాత ఒకడు గోరుతో గీకుతాండాడు. ఇంకా కొంచెం ఉందంటాడు. కూర్చోమంటే కూర్చోడు." ఆయన కాస్త ఆగాడు. "ట్రైనింగులో ఇది చెప్పల్యా. ఒక్క పీరియడు మీరు వచ్చి చెప్తారా? ఈడ నేను కూర్చుంటా."

ఆ తర్వాత నేను ఆ బడిలో ఉన్నన్నాళ్ళూ భిన్నాల పాఠాలన్నీ నావే అయ్యాయి. తక్కినవన్నీ రంగనాథం గారివి. హెడ్‌మాస్టరుతో ఆయనే మాట్లాడి అట్లా పంచాడు, మేనేజరుకు ఎవరూ చెప్పలేదు. కాని ఆ మధ్యాహ్నం నాకు అవేమీ తెలియవు. రంగనాథం గారు గంజి పంచెతోనే ఇసుకలో చతికిలబడ్డాడు. చిన్నపిల్లలు ఆయన పెన్నుల కోసం మీద పడ్డారు. నేను చేతుల ఇసుక చీర కొంగుకు తుడుచుకుని వరండా దాటి ఏడో తరగతిలోకి పోయాను. పిల్లలు లేచి నిలబడ్డారు. కూర్చోమన్నాను.

"ఎవరు చూసింది ముందు?" అని అడిగాను.